వంతు

రబీకి నీళ్లు చాలవని
ఆఫీసు గోడకి కాగితం అంటించారు:
ఆరు రోజులు పై ఊళ్లకి, ఆరు రోజులు శివారుకి.
ఆ కాగితానికి కాపలా నేను,
నేలపూడి ప్రభుదాసు, కాంట్రాక్టు లస్కరు,
జీతం మూడు నెలల బాకీ.

తూము పక్కన రేకుల గది.
ఒక టార్చి, ఒక రిజిస్టరు, షట్టరు తిప్పే ఇనప చక్రం.
ఇంకోటి కూడా ఉంది, లెక్కలో రాయనిది:
అమలాపురంలో సెల్‌ఫోన్లు బాగుచేసే జానీ దగ్గర
పన్నెండొందలకి కొన్న, మూల పగిలిన ఆటడబ్బా.

లోపల ఒకటే ఆట, జపానుది.
పదకొండో భాగమన్నాడు జానీ.
ముందు పదీ చూడక్కర్లేదట.
భాగానికో దేశం, భాగానికో కొత్త మంద.
ఒక్క సత్రం మాత్రం అన్నిట్లో ఉంటదట,
అదే దీపం, పడుకోబోతే అదే నాలుగు స్వరాలు.

మొదట్లోనే పేరడిగింది.
జంతికల్లా చుట్టుకున్న రెండక్షరాలు చూసి నొక్కాను.
ఏడాదిగా అందులో నా పేరదే.
ఎలా పలకాలో తెలీదు.
మొదటి వరస కొట్టడం, రెండోది మంత్రం,
మూడోది మందు సంచి, నాలుగోది పారిపోవడం.
చచ్చి చచ్చి నేర్చుకున్నాను ఈ నాలుగు ముక్కలూ.

ఆ రాత్రి ఆఖరి కోట, ఆఖరివాడు.
ఒళ్లంతా కళ్లు, తాటిచెట్టంత ఎత్తు.
సరిగ్గా అప్పుడే గట్టు మీద సైకిలు చప్పుడు.
శివారు నుంచి మట్టపర్తి సుగుణమ్మ,
రెండెకరాల కౌలు.
"నాలుగో రోజురా మా వంతు. చేలో కప్ప కూడా తడవలేదు."
తిట్టబోయి, నా చేతిలోకి వంగి చూసింది.
"ఏంటది?"
"రాక్షసుడక్కా."
"మరి కొట్టడే?"
"నా వంతు కదా. నేనేదోటి నొక్కేదాకా కొట్టడు."
"నువ్వు నిద్రపోతే?"
"ఆగుతాడు."
"వారం నొక్కకపోతే?"
"చార్జింగు పెడతా ఉంటే ఆగుతాడు, ఆయ్."
ఆవిడ చాలాసేపు వాణ్ణే చూసింది.
"ఏ ఊరివాడ్రా బాబూ, ఇంత మర్యాదస్తుడు" అంది.

డబ్బా బల్ల మీద పెట్టి టార్చి తీశాను.
ఆటలోనూ ఇలాగే నడుస్తారు,
ఒకడి అడుగులో ఇంకొకడు, వరసగా, మాట్లాడకుండా.
అందులో ముందుండేది నేను.
ఇక్కడ సుగుణమ్మ, భుజాన పార.

రెండు మైళ్లు. గుర్రపుడెక్క పట్టిన నీళ్లు.
కొబ్బరితోట వెనక కాలువలోకి దిగిన నల్లగొట్టం,
గోనెపట్టా కింద ఆయిలింజను
కడుపు నిండిన గేదెలా గురక పెడుతోంది.
ఎవరిదో ఇద్దరికీ తెలుసు.
ఆ పేరు రిజిస్టర్లో రాస్తే నా పేరు మస్టర్లో ఉండదు.
నిలబడిపోయాను.
ఆవిడ పార దించి నా వైపు చూసింది,
ఏదోటి నొక్కరా అన్నట్టు.

ఇంజను ఒక్కసారికి ఆగలేదు.
దగ్గింది, మళ్లీ దగ్గింది, చచ్చింది.
అప్పుడు వినపడ్డాయి కప్పలు.
గొట్టం ఇద్దరం కలిసి లాగాం,
మోచేతుల దాకా బురద.

తిరిగొచ్చేసరికి డబ్బా మీద ఎర్రదీపం మిణుకుతోంది.
వాడక్కడే ఉన్నాడు, కళ్లన్నీ తెరుచుకుని.
"నేనో సారి నొక్కుతా" అంది సుగుణమ్మ.
బురద బొటనవేలు నాలుగో వరస మీద పడింది.
తెర మీద ఒక వాక్యం వచ్చింది.
భాష రాకపోయినా తెలిసింది:
ఇక్కణ్ణించి పారిపోవడం లేదు.
వాడు ఒక్క దెబ్బ కొట్టాడు.
కొట్టి, మళ్లీ ఆగాడు.

మూడూ నలభైకి నీళ్లు తూము దాటాయి.
సైకిలు గట్టు వెంట నీళ్లకంటే ముందు పోయింది.
నేను రిజిస్టరు తెరిచాను. తేదీ వేశాను. టైము వేశాను.
"కారణం" అన్న గడి దగ్గర పెన్ను ఆగింది.
బల్ల మీద వాడు,
తొందరేం లేదన్నట్టు.